పిడి మీద తెల్లచుక్క

కమలాకర్ చచ్చిపోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. లారీ అద్దం పగలగొట్టుకుని ఎగిరి చచ్చాడు. బురదలో తల కూరుకుపోయి చచ్చాడు. మిరపకాయల గోదాములో ఒళ్ళంతా మండుతూ చచ్చాడు. ఒక సినిమాలోనైతే ఇంటర్వెల్‌కు ముందు చచ్చి, క్లైమాక్సులో విగ్గూ గడ్డమూ పెట్టుకుని వచ్చి మళ్ళీ చచ్చాడు. హాల్లో ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఫైటర్ బతుకంటే అదే. మొహం ఎవరికీ గుర్తుండకూడదు, పడ్డ తీరు మాత్రం గుర్తుండాలి.

నా పేరు అరుణజ్యోతి. ఫిలింనగర్ వాలులో, జూబ్లీహిల్స్ బంగళాల వెనక గోడలు కనిపించే గల్లీలో నాది టైలరింగ్ దుకాణం. ఫైటర్లు బట్టల లోపల కట్టుకునే మెత్తలు కుడతాను. మోకాళ్ళకు, మోచేతులకు, నడుముకు, వెన్నుకు. దెబ్బ ఎక్కడ పడుతుందో ముందే తెలుసుకుని అక్కడ దూది కూరడం నా పని. నా నోరు పెద్దదని గల్లీ అంతా అంటారు. అననీ. నోరు లేని ఆడది ఈ గల్లీలో దుకాణం నడపలేదు. కమలాకర్ కాపురముండే షెడ్డు నా పక్కదే, మధ్యలో ఒక్క రేకు గోడ. అతను నన్ను చెల్లె అంటాడు, నేను అన్నా అంటాను. తిట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం వావివరసలు చూడను.

తెర మీద అన్ని దెబ్బలు తిన్నవాడు తెర బయట ఊరికే ఉంటాడా? కొట్టేవాడు. ఆటోవాడు మీటరు మీద ఒక మాట ఎక్కువ అంటే కొట్టేవాడు. క్యూలో ముందుకు తోస్తే కొట్టేవాడు. ఒకసారి టీకొట్టు దగ్గర ఎవడో "నువ్వు ఎప్పుడూ కిందనే పడుతవు గదనే" అని నవ్వితే వాడి పళ్ళు గ్లాసులో రాలాయి. పిడికిలి కట్టేవాడు కాదు, అరచెయ్యి తెరిచి, మణికట్టు తిప్పి కొట్టేవాడు. ఆ దెబ్బ చప్పుడు రేకు గోడ ఇవతల నా కుట్టుమిషను మీద వినబడేది.

ఆ దెబ్బ చివరికి మంజులతకు తగిలింది. మంజులత అతని భార్య. ఆ రోజు సెట్లో హీరోగారు టైమింగ్ తప్పి నిజంగానే గుద్దాడు, కమలాకర్ పెదవి చిట్లింది. అందరి ముందూ "ఏం పర్లేదు సార్, మస్తుగొచ్చింది షాట్" అని నవ్వి, రక్తం మింగి ఇంటికి వచ్చాడు. మంజులత తడిగుడ్డతో తుడుస్తూ, "ఒక్క మాట అనకుండ వచ్చినవా?" అంది. అంతే. ఆమె ఎడమ చెవి మీద పడింది ఆ చెయ్యి. ఆమె కింద పడలేదు, గోడకు కొట్టుకుని అలాగే నిలబడిపోయింది, చెవిలోంచి రక్తం జాకెట్టు మీదికి కారింది. పక్కనే హోంవర్కు రాసుకుంటున్న హిమజ పెన్సిలు పట్టుకునే ఉంది. ఆ పిల్ల ఏడవలేదు. అదే చూసి నాకు ఎక్కువ భయమేసింది.

నేను గజంబద్ద తీసుకుని వెళ్ళి అతని వీపు మీద అది విరిగేదాకా బాదాను. ప్రతి దెబ్బకూ గాల్లోకి ఎగిరి పడే మనిషి ఆ రోజు ఒక్క రియాక్షన్ ఇవ్వలేదు. రాయిలా నిలబడి తిన్నాడు. మంజులత చెవి మళ్ళీ పనిచేయలేదు. పిల్లను తీసుకుని మోతీనగర్‌లో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి రాలేదు. ఎందుకొస్తుంది? నేనైతే వెళ్ళేముందు అతని చెవి కూడా పగలగొట్టి వెళ్ళేదాన్ని.

తర్వాత నడుముకు తాడు కట్టి గాల్లోకి లాగే ఒక షాట్‌లో కమలాకర్ భుజం విరిగింది. ఇక ఫైట్లు లేవు. పని లేని ఆ చేతులను చూస్తే నాకే గుబులుగా ఉండేది, ఎవరి మీద పడతాయో అని. అవి ఒక గేమ్ డబ్బా మీద పడ్డాయి. టీవీకి తగిలించి ఆడుకునే ఆ డబ్బాను హిమజ చిన్నప్పుడు ముచ్చటపడితే ఎక్కడో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. పిల్ల వెళ్ళింది, డబ్బా మిగిలింది. ఒక రోజు దాన్ని ముందు పెట్టుకుని స్క్రూలన్నీ ఊడదీశాడు. లోపలి బోర్డు, ఫ్యాను తీసి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. ఖాళీ ప్లాస్టిక్ కేసు మీద పెన్సిలుతో గీత గీసి, చేతిలో ఇమిడే చిన్న కటింగ్ మిషనుతో కోశాడు. ప్లాస్టిక్ కాలిన కంపు గల్లీ అంతా. నేను రేకు మీద కొట్టి తిట్టాను. వినలేదు. మూత మీద కిటికీలా కోసి, అక్కడ అద్దంలాంటి షీటు అతికించి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, రంగు వేశాడు. ఇటుక గోడ, గోడ మీద సుద్దముక్కతో రాసినట్టు హిమజ పేరు. లోపల ఫ్యాను తిరుగుతుంటే కిటికీలోంచి కనబడేది. పగలగొట్టడం తప్ప ఏమీ రాదనుకున్న చేతులు అవి. నేను తిట్టడం ఆపేశాను, అది మా గల్లీలో వార్తే.

దాన్ని నా చేతికిచ్చి, "జర గా పిల్లకు అందియ్యి చెల్లె" అన్నాడు. మోతీనగర్ వెళ్ళి ఇచ్చాను. అప్పటికి హిమజ పెద్దదైంది. హెల్మెట్ల మీద, బైకు ట్యాంకుల మీద గాలి పిచికారీతో బొమ్మలు వేసే దుకాణంలో పనిచేస్తోంది. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి లోపల పెట్టుకుంది, థాంక్స్ కూడా చెప్పలేదు. తర్వాతి ఆదివారం ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, చెక్‌పోస్టు దగ్గర దిగి, డబ్బా సంచిలో పెట్టుకుని తనే వచ్చింది. షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఇగో, గీ అంచు సరిగ్గ రుద్దలే. రంగు పెచ్చు లేస్తది" అంది. అన్నేళ్ళకు తండ్రితో అన్న మొదటి మాట అది. డాడీ అనలేదు. ఇగో, చూడు, అంతే.

ఆ తర్వాత ఆదివారాలు వచ్చేది. అతను కోసేవాడు, ఆమె రంగు వేసేది. ఫోటోలు ఫోన్లలో తిరిగాయి, కొండ మీది బంగళాల కుర్రాళ్ళు తమ డబ్బాలు తెచ్చివ్వడం మొదలుపెట్టారు. కానీ మొదటి రోజే ఆమె షరతు పెట్టింది. నేను అతని విరిగిన భుజానికి మెత్త కొలత తీసుకునే వంకతో అక్కడే ఉన్నాను.

"నేనొస్త. పని జేస్త. కానీ నీ చెయ్యి ఎవరి మీద లేసినా, కారణం ఏదైనా సరే, నేను మళ్ల రాను. అమ్మ చెవి మీద ఒట్టు."

కమలాకర్ నేల చూశాడు. "లెవ్వదు బిడ్డా" అన్నాడు.

లేవలేదు కూడా. నేను సాక్షిని. ఒకసారి బైకువాడు కాలు మీద ఎక్కించి పైగా బూతులు తిడితే, కమలాకర్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. జేబుల్లో పిడికిళ్ళు కదలడం ప్యాంటు మీంచి కనబడుతోంది. వాడిని నేను చూసుకున్నానులెండి. అతని బతుక్కి మిగిలింది ఆ ఆదివారమే. శనివారం సాయంత్రమే షెడ్డు ఊడ్చేవాడు, రంగులు వరసగా పెట్టేవాడు, ఆమె కూర్చునే స్టూలు కాళ్ళకు రబ్బరు ముక్కలు తొడిగేవాడు, ఊగకుండా. ఆ పిల్ల రాకపోతే ఈ మనిషి ఏమవుతాడోనని నేను ఆలోచించడానికే భయపడేదాన్ని.

ఇక్కడ చుక్క సంగతి చెప్పాలి. కమలాకర్ పనిచేసిన ఫైట్ మాస్టర్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ప్రతి ఆయుధమూ రెండు రకాలు చేయిస్తారు. దగ్గరి షాట్లకు నిజమైన ఇనుముది, కొట్టడానికి రబ్బరు డమ్మీ. గాలికి ఊగకుండా రబ్బరు లోపల ఇనుప ఊచ పెట్టి బరువు చేస్తారు, తుప్పు రంగు కూడా ఒకేలా వేస్తారు. చేత్తో పట్టినవాడికి కూడా తేడా తెలియదు. అందుకని డమ్మీకి మాత్రం పిడి అడుగున, చివర, తెల్లచుక్క పెడతారు. గొడ్డలి నెత్తి మీదికి లేస్తే పిడి చివర ఎదుటివాడి కళ్ళకు కనబడుతుంది. వానలో, పొగలో, దుమ్ములో ఫైటర్ చూసేది ఆ చుక్కనే. చుక్క ఉంటే ధైర్యంగా ఒళ్ళు అప్పగించు, లేకపోతే పరిగెత్తు. కొత్తగా వచ్చినవాడికి మాస్టర్ మొదట నేర్పేది అదే. కమలాకర్‌కు అది ఒంట్లో ఇంకిపోయింది. షెడ్డు మూల డ్రమ్ములో పాత డమ్మీ కత్తులు, గొడ్డళ్ళు కుప్పగా ఉండేవి, అన్నిటికీ చుక్కలు.

కౌస్తుభ్ వచ్చింది అప్పుడే. నిర్మాతగారి అబ్బాయి, జూబ్లీహిల్స్‌లో పుట్టి అక్కడి నుంచే కింది లోకాన్ని చూసిన మనిషి. కొత్త గేమ్ డబ్బా పట్టుకొచ్చాడు.

"అంకుల్, బ్లడ్ కావాలి. ఫుల్ బ్లడ్. డబ్బా మధ్యలో గొడ్డలి దిగిపోయినట్టు ఉండాలి. చూసినవాడికి వణుకు పుట్టాలి" అన్నాడు.

"అయితది బాబూ" అన్నాడు కమలాకర్. "కానీ జర టైం వడ్తది. రంగు ఆరాలె, మీది పూత గట్టిపడాలె. పడకముందే కరెంటు పెడితే లోపటి వేడికి మొత్తం ఉబ్బుతది."

ఆ అబ్బాయి వింటేగా. డ్రమ్ములోంచి ఒక రబ్బరు గొడ్డలి లాగి, "అంకుల్, మీరు ఫైటర్ అటగా?" అంటూ కమలాకర్ వీపు మీద ఒక్కటి వేశాడు. కమలాకర్ అలవాటుగా వెనక్కి వంగి, గాల్లో తిరిగి, రంగు డబ్బాల మధ్య పడి, కాళ్ళు రెండుసార్లు కొట్టుకుని చచ్చాడు. కౌస్తుభ్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. హిమజ మాత్రం నవ్వలేదు. "పెద్దమనిషిని గట్ల కొడ్తరా?" అంది. కౌస్తుభ్ ఆ మాట చెవిన పెట్టలేదు.

పని మాత్రం అద్భుతంగా వచ్చింది. కొలతల కోసం, తుప్పు రంగు చూసి వేయడం కోసం కమలాకర్ పాత పరిచయం మీద ఒక అసలు గొడ్డలి తెచ్చి కిటికీ పక్క మేకుకు తగిలించాడు. కొబ్బరి బోండాం రెండుగా చీల్చే దగ్గరి షాట్ కోసం సాన పట్టిందది. ఒక డమ్మీ గొడ్డలి తల కోసి, డబ్బా మూతను చీలినట్టు కోసి, అందులో దింపాడు. చీలిక అంచుల్ని లోపలికి ఒంచాడు, నిజంగా ఇనుము దిగితే ప్లాస్టిక్ ఎలా నలుగుతుందో అలాగే. హిమజ దాని చుట్టూ రక్తం వేసింది. తడి రక్తం ఒకచోట, ఎండినది ఒకచోట. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. "నిజం రక్తం ఎట్లుంటదో నాకు తెల్సు గద అత్తా" అంది, బ్రష్షు కడుగుతూ. కమలాకర్ ఆ మాట విని బయటికి వెళ్ళి కాసేపు గల్లీలో నిలబడ్డాడు.

మీది పూత గట్టిపడకముందే కౌస్తుభ్ వచ్చాడు. ఆ రోజు వాళ్ళింట్లో పుట్టినరోజు పార్టీ, స్నేహితులందరికీ చూపించాలట. కమలాకర్ వద్దన్నాడు, దండం పెట్టాడు, డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "నా వస్తువు నేను తీసుకెళ్తే నీకేంటి నొప్పి?" అని లాక్కుని పోయాడు. ఏమైందో చెప్పాలా? గంటల తరబడి ఆడారు, లోపలి వేడికి పూత బొబ్బలెక్కింది, రక్తం కారి తెల్ల సోఫా మీద పడింది, కంపుకు జనం లేచిపోయారు. ఎవడో వీడియో తీసి అందరికీ పంపాడు. ఇంకేముంది, అబ్బాయిగారి పరువు పోయింది.

మర్నాడే ఆదివారం. మధ్యాహ్నం హిమజ ఇంకో కేసుకు అడుగు పూతగా తెల్ల అస్తరు రంగు కొడుతోంది. పిచికారీ మూతి పూడుకుపోతే విదిలించి తుడవడం ఆమె అలవాటు. ఆ తెల్లచుక్కలు ఎక్కడపడితే అక్కడ పడేవి. నా షట్టరు మీద కూడా పడ్డాయని పొద్దున్నే కేకలేశాను. "పోనీ అత్తా, నీ షట్టరుకు పెండ్లికళ వచ్చింది" అని నవ్వింది. తుప్పు రంగు సరిచూసుకోవడానికి దించిన అసలు గొడ్డలి డ్రమ్ముకు ఆనించి ఉంది, తల కిందికి, పిడి పైకి.

కారు ఆగిన చప్పుడైంది. కౌస్తుభ్, అతని వెనక ఇద్దరు బౌన్సర్లు, నల్ల టీషర్టుల్లో మెడలు కూడా లేని మనుషులు. కౌస్తుభ్ ఆ డబ్బాను తలపైకెత్తి హిమజ కాళ్ళ ముందు నేలకేసి కొట్టాడు. ముక్కలు ఆమె పాదాలకు గుచ్చుకున్నాయి.

"ఏంట్రా ఇది? ఏంటి ఇది?" అని కమలాకర్ చెంప పగలగొట్టాడు.

ఇక్కడే పాడైంది అంతా. మామూలు మనిషైతే చెంప పట్టుకుని నిలబడేవాడు. కమలాకర్ ఒళ్ళు అలా నేర్చుకోలేదు. దెబ్బ తగలగానే తల తిప్పి, ఒక చుట్టు తిరిగి, బల్ల మీంచి దొర్లి అవతల పడ్డాడు. అది భయమూ కాదు, నటనా కాదు, ఒట్టి అలవాటు. కానీ కౌస్తుభ్ తన చెయ్యి తనే చూసుకున్నాడు. ఒక్క దెబ్బకు మనిషి ఎగిరిపడటం! ఆ అబ్బాయి కళ్ళల్లోకి ఎక్కిన మదం నేను గుమ్మంలోంచి చూశాను. బౌన్సరొకడు నవ్వుతూ ఫోను తీశాడు.

"లే!" అన్నాడు కౌస్తుభ్. కమలాకర్ లేచాడు. కడుపులో తన్నాడు. రంగు డబ్బాల మీద పడ్డాడు. "లే!" మళ్ళీ లేచాడు. విరిగి అతికిన భుజం మీద గుద్దాడు. ఈసారి నొప్పి నిజం, మూలిగాడు. ముక్కులోంచి రక్తం కారి తెల్ల అస్తరు మీద పడింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని. కళ్ళు మాత్రం హిమజ వైపే. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. హోంవర్కు పెన్సిలు పట్టుకున్న రోజు ఎలా ఉందో అలాగే.

నాకు ఒళ్ళు మండిపోయింది. గజంబద్ద తెచ్చి ఫోను పట్టుకున్నవాడి ముంజేతి మీద వేశాను. ఫోను ఎగిరి మురిక్కాలవలో పడింది. రెండోవాడు నన్ను జుట్టు పట్టి గల్లీలోకి విసిరాడు. మోకాలి చిప్ప రాయికి కొట్టుకుంది. ఊరందరికీ మెత్తలు కుట్టి పెడతాను, నాకు ఒక్కటి లేకపోయింది. గల్లీ జనం తలుపుల్లో నిలబడి చూస్తున్నారు. షూటింగనుకున్నారో ఏం పాడో!

"ఏయ్! ఆపుండ్రి!" అని హిమజ అప్పుడు అరిచింది, ముందుకు వచ్చింది. కౌస్తుభ్ ఆమెను ఒక్క తోపు తోశాడు. స్టూలు మీద పడింది, నుదురు చిట్లింది.

కమలాకర్ చేతులు విడిపోయాయి. నేను చూశాను. అరచెయ్యి తెరుచుకుంది, మణికట్టు తిరిగింది. కౌస్తుభ్ కూడా చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు, డ్రమ్ము తగిలింది, చేతికందిన గొడ్డలి లాగి నెత్తి మీదికి ఎత్తాడు. అతనికి ఆ షెడ్డులో అన్నీ రబ్బరే. పోయినసారి ఎంత నవ్వొచ్చిందో!

కమలాకర్ తప్పుకోగలడు. నేను చూసిన ఫైటర్లలో అతనంత చురుకైనవాడు లేడు. కానీ అతని చూపు పిడి చివరికి వెళ్ళింది. అక్కడ తెల్లగా చుక్క ఉంది. ముఖంలో బిగువు సడలింది, తెరిచిన అరచెయ్యి కూడా సడలింది. కొట్టక్కర్లేదు, రబ్బరే కదా. ఎప్పట్లాగే ముంజేయి అడ్డం పెట్టాడు.

చప్పుడు వేరేగా వచ్చింది. మటన్ కొట్టులో మొద్దు మీద వచ్చే చప్పుడు. గొడ్డలి ముంజేతి ఎముకలో దిగి ఆగిపోయింది. కమలాకర్ ఎగరలేదు, తిరగలేదు, పడలేదు. దిగబడ్డ ఇనుము వైపు చూస్తూ నిలబడ్డాడు. రక్తం ధారగా బల్ల మీదికి, కోసిన కేసుల మీదికి కొట్టింది.

"ఇదేంటి... డమ్మీ కదా... డమ్మీ కదా అంకుల్..." అంటూ కౌస్తుభ్ చేతులు వదిలేశాడు. బౌన్సర్లిద్దరూ ఒకరి మీద ఒకరు పడుతూ కారు వైపు పరిగెత్తారు. యజమానిని కూడా తీసుకెళ్ళలేదు వెధవలు.

కమలాకర్ ఎడమ చేత్తో పిడి పట్టుకుని గొడ్డలి బయటికి లాగాడు. ఆ కేక నేను మర్చిపోలేను. కౌస్తుభ్ మోకాళ్ళ మీద కూలబడి, రేకు గోడకు వీపు ఆనించి, చేతులు జోడించాడు. కమలాకర్ గొడ్డలి పట్టుకుని అతని మీద నిలబడ్డాడు. పిడి చివర బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. వేలు కదులుతోంది, నొక్కుతోంది, రుద్దుతోంది. కోపం కూడదీసుకుంటున్నాడనుకున్నాను. నిజం చెప్పనా, వెయ్యన్నా, వేసెయ్యి అనే అనుకున్నాను నేను కూడా.

అప్పుడు హిమజ అరిచింది. నుదుటి రక్తం కంట్లోకి కారుతుంటే గొంతు చించుకుని అరిచింది.

"కొట్టు డాడీ! కొట్టు వాణ్ణి! కొట్టు!"

అన్నేళ్ళ తర్వాత డాడీ అంది. కమలాకర్ ఆమె వైపు తిరిగాడు. ముఖం పాలిపోయింది, పెదవులు తెల్లబడ్డాయి.

"కొడితే నువ్వు మళ్ల రావు గద బిడ్డా" అన్నాడు.

గొడ్డలి కింద పెట్టాడు. విసరలేదు, పెట్టాడు. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

మాటిచ్చింది అతను. నేను ఇవ్వలేదు. కుంటుకుంటూ లోపలికి వెళ్ళి కౌస్తుభ్ రెండు చెంపలూ వాయించాను. ఆ అబ్బాయికి రియాక్షన్ ఇవ్వడం రాదు, నిజంగానే పడ్డాడు. గల్లీ జనానికి అప్పుడు అర్థమైంది ఇది షూటింగు కాదని. కొందరు అతన్ని పట్టుకుని కూర్చోబెట్టారు, పోలీసులొచ్చేదాకా వదల్లేదు.

నేను మెత్తలు కుట్టే దూది అంతా ఆ చేతికి చుట్టి ఆటోలో ఎక్కించాం. హిమజ ముందు డ్రైవరు పక్కన కూర్చుని దారి ఇమ్మని అరుస్తోంది. వెనక కమలాకర్ తల నా భుజం మీద. ఎడమ చెయ్యి చూస్తే బొటనవేలు తెల్లగా ఉంది. రక్తంలో అంత తెల్లగా ఏంటా అని దగ్గరగా చూశాను. తడి రంగు. పొద్దున నా షట్టరు మీద పడ్డట్టే, హిమజ విదిలించిన చుక్క ఒకటి పైకి నిలబెట్టిన పిడి మీద పడింది. అతను గొడ్డలి పట్టుకుని నిలబడ్డంతసేపూ కోపం కూడదీసుకోలేదు. కూతురు చూడకుండా ఆ చుక్క తుడుస్తున్నాడు.

నేను చూశానని అతను చూశాడు. పిడికిలి మూసుకున్నాడు. "చెల్లె, జర నీ నోరు..." అన్నాడు. అంతకన్నా మాట రాలేదు.

చెయ్యి మిగిలింది గానీ వేళ్ళు మడవలేడు. మణికట్టు తిరగదు. మంజులత ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన కూర్చుంది. అతను ఏదో గొణిగితే, వినబడే చెవి అతని వైపు తిప్పి వంగింది. ఏం చెప్పాడో నేను అడగలేదు, నేనే! వాంగ్మూలం తీసుకోవడానికి వచ్చిన పోలీసాయన, "పక్కకు తప్పుకోవచ్చు కదయ్యా, చెయ్యి ఎందుకు అడ్డం పెట్టావు?" అన్నాడు. "అలవాటు సార్" అన్నాడు కమలాకర్. "చుక్క చూస్కోలే. కండ్లు మందగించినయి." హిమజ మంచం కాళ్ళ దగ్గర నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తోంది. బంగళా పెద్దలు రాజీకి వచ్చారు. వాళ్ళను నేను గల్లీ చివరిదాకా సాగనంపాను, ఏ మాటలతో సాగనంపానో ఇక్కడ రాయకూడదు. కోర్టులో కేసు నడుస్తోంది.

ఇప్పుడు హిమజ హెల్మెట్ల దుకాణం మానేసింది. రోజూ వస్తుంది. కోసేదీ ఆమే, రంగు వేసేదీ ఆమే. కమలాకర్ ఎడమ చేత్తో కేసు కదలకుండా పట్టుకుంటాడు, అంచు ఎక్కడ గరుకుగా ఉందో వేలితో తడిమి చెబుతాడు. రక్తం బొమ్మలు ఎవరడిగినా చేయరు.

మొన్న ఒక మధ్యాహ్నం చూశాను, పిచికారీ మూతి పూడుకుంటే హిమజ షెడ్డు దాటి, నా దుకాణం కూడా దాటి, మురిక్కాలవ దగ్గరికి వెళ్ళి వంగి కడుగుతోంది. ఆటపట్టించాను.

"ఏందే, గంత దూరం పోతున్నవు? నా షట్టరుకు పెండ్లికళ వద్దా ఇగ?"

ఆమె నవ్వలేదు. గుడ్డతో మూతి తుడుస్తూ, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆపరేషన్ అయినంక ఆయన చేతులు తుడిచింది నేనే అత్తా. ఎడమ బొటనవేలి గోరు కింద తెల్లగ ఉండె. దూదికి థిన్నర్ అద్ది తీసిన. ఆయన మత్తుల ఉండె. నాకు ఎర్కనని ఆయనకు చెప్పకు."

ఏం చెప్పను? తండ్రి నోరు మూయమన్నాడు, కూతురు నోరు మూయమంది. గల్లీలో అందరికన్నా పెద్ద నోరు నాది, దానికి ఇద్దరూ చెరోవైపు నుంచి తాళం వేశారు. వాళ్ళిద్దరూ కథలు చదివే రకం కాదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఆ రోజు మాత్రం గుమ్మంలో నిలబడి ముక్కు చీదుకున్నాను, కళ్ళల్లో దూది పడిందని చెప్పి.

లోపలి నుంచి కమలాకర్ పిలిచాడు. "బిడ్డా, అన్నం సల్లారిపోతది. చెల్లెను సుత పిలువు."

"వస్తున్న డాడీ" అంది హిమజ.

ముగ్గురం షెడ్డులో కూర్చుని తిన్నాం. అతనికి ముద్ద కలిపి పెట్టింది ఆమే.